ఉయ్యాల పాటలకో వెబ్‌సైటు

నందిగామ బస్టాండుకు దగ్గర్లో ఒక ఇరుకు సందు ఉంది. అందులోకి కారు పట్టదు, ఎండ కూడా సరిగా పడదు. కానీ చుట్టుపట్ల ఊళ్లలో పుట్టిన పిల్లల్లో చాలామందికి మొదటి జుబ్బా ఆ సందులోంచే వెళ్లింది. కుట్టేది జయమణి.

పసిబిడ్డకు మొదటి జుబ్బా కొత్త గుడ్డతో కుట్టరు. నాయనమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేతచీరో, తాత పాత పంచో తెచ్చి జయమణి ముందు పెడతారు. ఆవిడ దాన్ని చెంపకు ఆనించి చూస్తుంది. గరుకు తగిలిందా, ఎంత పెద్దవాళ్లు తెచ్చినా సరే, వెనక్కి ఇచ్చేస్తుంది. బాగుందనుకుంటే బిడ్డ ఒంటికి ఒరుసుకోకుండా అతుకులు పైకి వచ్చేటట్టు కుడుతుంది. కుడుతూ ఆరాలు తీస్తుంది. పేరేం అనుకుంటున్నారు, ఎవరి పోలిక, తండ్రి ఏం పని చేస్తాడు, ఇంట్లో గేదె ఉందా, వాకిట్లో ఏ చెట్టుంది. చెప్పేవాళ్లు చెబుతుంటారు, మిషన్ తిరుగుతుంటుంది, మధ్యలో ఒక కూనిరాగం మొదలవుతుంది. జుబ్బాకు ముడితాళ్లు వేసేసరికి ఆ బిడ్డ పేరుతో ఒక ఉయ్యాల పాట తయారై ఉంటుంది.

బారసాల అయినా, చర్చిలో బిడ్డను సమర్పించే ఆదివారమైనా, పిలిచిన ఇంటికి వెళ్లి ఆ పాట పాడి రావడం జయమణి అలవాటు. ఒక బిడ్డ పాట ఇంకో బిడ్డకు పాడదు. కాగితం మీద పెట్టదు. ఎవరైనా అడిగితే, "ఇచ్చేసిన పాట నాకెందుకండి, అది వాళ్ల పిల్లాడిది" అంటుంది. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది గానీ, అసలు సంగతి వేరు. ఏ పాటయినా తను ఎప్పటికీ మరిచిపోదని ఆవిడకు గట్టి నమ్మకం. కాస్త గర్వం కూడా.

ఆ మధ్య ఆవిడ గొంతు మీద గడ్డ లేచింది. విజయవాడలో పెద్ద డాక్టరు చూసి, భయపడాల్సిందేమీ కనిపించడం లేదు, తీసేస్తే సరిపోతుందన్నాడు. సంతోషించి లేవబోతుంటే ఇంకో మాట చెప్పాడు. గొంతు పలికించే నరం ఆ గడ్డకు ఆనుకునే ఉంది, ఎంత జాగ్రత్తగా చేసినా గొంతు మారవచ్చు, పై స్వరాలు అందకపోవచ్చు. ఈస్టర్ అయ్యాక రండి, చేద్దాం అన్నాడు.

ఇంటికి వచ్చే బస్సులో ఆవిడ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. పక్కన కూర్చున్న భర్త ప్రేమదాసు ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, మాటలు తక్కువ మనిషి. అతనే ఉండబట్టలేక, "ప్రాణానికేం లేదన్నాడుగా" అన్నాడు. "ప్రాణం సంగతి ఎవరడిగారయ్యా" అంది జయమణి.

ఈ విషయం తెలిసి జగ్గయ్యపేట నుంచి మేనకోడలు సుస్మిత వచ్చింది. జయమణి తమ్ముడి కూతురు. అక్కడ ఒక స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఏడుస్తూ కూర్చునే పిల్ల కాదు.

"అత్తా, నీ పేరుతో ఒక వెబ్‌సైటు పెడదాం. ఈలోపు పాటలన్నీ ఫోన్లో పాడెయ్. ఒక్కో పాట ఒక్కో పేజీ. ఎవరింటి పాట వాళ్లు తెరుచుకుని వింటారు. గొంతు ఏమయినా కానీ, ఇప్పటి గొంతు అందులో ఉంటది."

ఆ మాటతో జయమణికి ప్రాణం లేచివచ్చినట్టయింది. సరిగ్గా అక్కడే చిక్కొచ్చిపడింది. వెబ్‌సైటు దేంతో కట్టాలి?

ఆదివారం ఆరాధన అయ్యాక సుస్మిత లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కి వచ్చేది. మేనత్తా మేనకోడలూ మిషన్ బల్ల మీద దాన్ని తెరిచి కూర్చునేవాళ్లు. మొదట చూసింది రెడీమేడు రకం. నమూనాలు ముందే తయారుగా ఉంటాయి, బొమ్మల్ని వేలితో లాగి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. పూలూ ఆకులూ, రంగులూ, కళ్లు చెదిరేటట్టు ఉంది. జయమణి ముగ్ధురాలైపోయింది. తీరా పేరు రాసేసరికి తెలుగు అక్షరాల ఒత్తులు కిందకి పోకుండా పక్కన నిలబడ్డాయి. పైగా పేజీ అడుగున ఆ కంపెనీ పేరు పెద్దక్షరాలతో వచ్చింది.

"నేను కుట్టిన జుబ్బా మీద ఇంకొకడి పేరా" అంది జయమణి. అది పక్కకు పోయింది.

రెండోది బ్లాగు. చూడ్డానికి చప్పగా ఉంది, తెల్ల పేజీ, నల్లక్షరాలు. కానీ ఒత్తులు చక్కగా కుదిరాయి, పాట కింద విన్నవాళ్లు తమ మాట రాయడానికి చోటుంది. జయమణికి ఒక్కటే నచ్చలేదు. కొత్తగా పెట్టిన పాట పైకి వస్తుంది, పాతది కిందకు జారుతుంది. "ముందు పుట్టినోళ్లని అడుక్కి తోస్తదా? ఇదెక్కడి పద్ధతి?" అంది.

మూడోది సుస్మిత సొంతంగా, మొదట్నుంచి చివరిదాకా తనే కోడు రాసి కట్టేది. ఆవిడ ఎలా చెబితే అలా వస్తుంది. "మరి నేనొక పాట చేర్చాలంటే?" అని అడిగింది జయమణి. నాకు ఫోన్ చెయ్యి అత్తా, నేను చేరుస్తా అంది సుస్మిత. జయమణి తల అడ్డంగా ఊపింది. తనకు తొక్కడం రాని మిషన్ తన కొట్లో ఎందుకని ఆవిడ బాధ.

ఇలా ఆదివారాలు గడిచిపోయాయి. రంగు దగ్గర ఒక ఆదివారం పోయింది. ఫొటోకి ఏ చీర కట్టాలన్న దగ్గర ఇంకొకటి పోయింది. పేజీ పేరు 'జయమణి పాటలు' అనాలా, 'జయమణి జోలలు' అనాలా అని సందులో వాళ్లందర్నీ అడిగింది. మనిషిని నిలబెట్టి కంటితో చూసి గుడ్డ మీద కత్తెర పెట్టేసే జయమణి, ఈ విషయంలో మాత్రం కత్తెర చేతికే తీసుకోలేదు. నాకు ఆవిడ మీద కోపమొస్తుంది గానీ, ఎందుకలా చేసిందో కూడా తెలుసు. పాటలు పాడి పెట్టేస్తే ఇక గొంతు పోవడానికి తను ఒప్పుకున్నట్టే. వెబ్‌సైటు ఎంచుకుంటున్నంతసేపూ ఇంకా టైముందనే ధీమా.

ప్రేమదాసు ఒకసారి అడగనే అడిగాడు. "పాటలెప్పుడు పాడతావ్?"

"ఇల్లు కట్టకుండా గృహప్రవేశం చేస్తారా? కట్టనియ్. పాటలదేముంది, తలలో ఉన్నాయి. ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే పాడేస్తా."



ఒక ఆదివారం సుస్మితకు విసుగొచ్చి, ఏదో ఒకటి పాడు, బ్లాగులో పెట్టి పల్లెటూరి సిగ్నలుకి తెరుచుకుంటుందో లేదో చూద్దాం అంది. ఆ ముందు రోజే వీరులపాడు వైపు రైతు తిరుపతిరావు గారి అమ్మాయి నాగశ్రీ కడుపుతో వచ్చి, పుట్టబోయే బిడ్డకు జుబ్బాలు పురమాయించి వెళ్లింది. నాగశ్రీకి కూడా పసితనంలో జుబ్బా కుట్టింది జయమణే. ఆ పిల్ల పాటే నోటికి వచ్చింది.

*జోజో నాగశ్రీ, చేలోనే ఉన్నాడు నీ నాయన,*
*మిరపకు నీరు పెట్టి మెల్లగా వస్తాడు నీ నాయన.*

సుస్మిత దానికి 'టెస్ట్ పాట' అని పేరు పెట్టి, లింకు నాగశ్రీకి పంపింది. తెరుచుకుంది, బాగా వినపడుతోందని జవాబొచ్చింది. అయినా జయమణి బ్లాగుకి ఒప్పుకోలేదు, వచ్చే వారం ఇంకోటి చూద్దామంది.

వచ్చే వారం రాలేదు. ఈస్టర్ ఇంకా రాకముందే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రేపు చేయాల్సిన మనిషి వాయిదా వేసుకున్నారట, ఆ చోట మీకు చేస్తాం, ఇవాళే వచ్చి చేరండి, ఇప్పుడు కాదంటే మళ్లీ ఎప్పటికో. ఉన్నపళంగా బట్టలు సర్దుకుని బయలుదేరారు. బస్సు కంచికచర్ల దాటాక జయమణికి గుర్తొచ్చింది. పాటల్లో ఒక్కటంటే ఒక్కటే పాడింది, అదీ టెస్టుకు. పోనీ ఇప్పుడైనా పాడదామంటే బస్సు నిండా జనం. వార్డులో పాడదామంటే పక్క మంచాల మీద నొప్పులతో మూలిగేవాళ్లు. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంది, తెల్లారింది, తీసుకెళ్లిపోయారు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డలో చెడేమీ లేదని కాగితం వచ్చింది. మరుసటి నెల చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది జయమణి. దేవునికి స్తోత్రం, డాక్టర్లకు దండం, పలకరించిన అందరికీ దండం అని. మనస్ఫూర్తిగానే చెప్పింది. కానీ ఆ చెప్పిన గొంతు ఆవిడది కాదు. కింద ఎక్కడో బొంగురుగా మొదలై, కాస్త పైకి ఎక్కబోతే గాలైపోతోంది. మాట్లాడ్డం బాగుపడుతుంది గానీ పై స్వరాల మీద ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశాడు.

పోనీ మాటలైనా రాసిపెడదామని సుస్మిత పెన్ను పట్టుకుని కూర్చుంది. అప్పుడు తెలిసింది అసలు నష్టం. జయమణికి మాటలు రాలేదు. ఆ పాటల్ని ఆవిడ ఎన్నడూ మాటలుగా పెట్టుకోలేదు. రాగం ఎత్తుకుంటే వెనకే మాట వచ్చేది. రాగం ఎక్కకపోతే మాట కూడా కదలదు. మొదటి పదం దగ్గర ఆగిపోయి, కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, మళ్లీ ఆగిపోయి, చివరికి మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"ఆ వెబ్‌సైటు తీసెయ్యవే. ఉత్త టెస్టు ఒకటి పెట్టుకుని ఎందుకది."

సుస్మిత తీసేద్దామనే బ్లాగు తెరిచింది. టెస్ట్ పాట కింద ఎవరెవరో రాసిన మాటలు కనిపించాయి. నాగశ్రీ ఆ లింకుని చుట్టాలకి పంపింది, చుట్టాలు ఊళ్లకి పంపారు. మా బుడ్డోడి పాట ఎప్పుడు పెడతారండి అని ఒకరు. జయమణి గారు బాగున్నారా, మా అమ్మ అడగమంది అని ఒకరు. మాది జి.కొండూరు, మా కవలలకు మీరు రెండు పాటలు పాడారు, గుర్తున్నామా అని ఇంకొకరు.

సుస్మిత తీసెయ్యలేదు. అత్తను అడక్కుండా, కింద ఇలా రాసింది: 'అత్తకి గొంతు ఆపరేషన్ అయింది. ఇక పాడటం కుదరదు. మీ ఇంటి పాట మీకు గుర్తుంటే మీరే పాడి పంపండి.' జయమణి ఫోన్ నంబరు కూడా ఇచ్చేసింది.

ఆ సంగతి తెలిసి జయమణి మండిపడింది. "ఇచ్చింది తిరిగి అడగడానికి సిగ్గు లేదటే? బిడ్డ పండక్కి ఇచ్చిన పాటలవి. నలుగురిలో నా పరువు తీశావు" అని ఆ బొంగురు గొంతుతోనే దులిపేసింది. సుస్మిత తల వంచుకుని మాటలు పడింది. సాయంత్రం జగ్గయ్యపేట బస్సెక్కింది.

రెండ్రోజులు ఎవరూ పంపలేదు. ఆ తర్వాత గరికపాడు నుంచి ఒకటి వచ్చింది. చెక్‌పోస్టు పక్కన టీ బంకు నడిపే బసవమ్మ, మనవరాలి పాట పాడి పంపింది. వెనక లారీల హారన్లు, మధ్యలో "రెండు టీలా, ఉండు బాబూ" అనే మాట, మళ్లీ పాట. జయమణి ఫోన్ చెవికి ఆనించుకుని వింది. మళ్లీ వింది. సగంలో ఆవిడ పెదాలు బసవమ్మతో పాటు కదలసాగాయి.

"ఇది నాదే. నేను కట్టిందే ఇది" అంది, ఎవరో కాదన్నట్టు.

ఆ తర్వాత ఆగలేదు. దేవరాజ్ అనే లారీ డ్రైవరు తన పాట తనే పాడి పంపాడు. తల్లి దగ్గర నేర్చుకున్నాడట. రాత్రి బండి నడిపేటప్పుడు నిద్ర రాకుండా అదే పాడుకుంటాడట. జోలపాటతో మేలుకునేవాణ్ని నేనొక్కణ్నే ఉంటానండి అని చివర్లో నవ్వాడు. థామస్ మాస్టారింట్లో అన్న పాటనే పేరు మార్చి తమ్ముడికీ, చెల్లికీ కూడా పాడేశారు. ఆ తప్పు ఒప్పుకుంటూ మూడు పేర్లతోనూ పంపారు. నాగశ్రీ తండ్రి తిరుపతిరావు అయితే ఫోన్ చేసి, గొంతు సవరించుకుని, "జయమణీ, ఒక మాట చెబుతా, నవ్వకూడదు. మా అమ్మాయి పాట నేను గేదెదూడక్కూడా పాడానమ్మా. తల్లి చచ్చిపోయి పాలు తాగట్లేదప్పుడు" అన్నాడు.

"తాగిందాండి?" అని అడిగింది జయమణి.

"తాగింది."

ఆవిడ నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చేసింది. ఆపరేషన్ అయ్యాక అంతగా నవ్వడం అదే మొదలు. తన పాటలు తన తలలోనే భద్రంగా ఉన్నాయనుకుంది ఇన్నాళ్లూ. అవి టీ బంకుల్లో, లారీ క్యాబిన్లలో, దొడ్లలో కూడా తిరుగుతున్నాయని ఆవిడకు తెలియదు. వాళ్లు దాచిపెట్టినందుకు, మార్చుకుని వాడుకున్నందుకు కూడా ఆవిడ కృతజ్ఞతకు అంతు లేకుండా పోయింది. జగ్గయ్యపేటకి ఫోన్ చేసి, "నేనన్న మాటలు మనసులో పెట్టుకోకే, నువ్వే లేకపోతే ఏమయ్యేదాన్ని" అంది. సుస్మిత ఫోన్లోనే ఏడ్చేసింది.

ఏ రకం వెబ్‌సైటు అన్న చర్చ ఇక రాలేదు. నాలుగైదు రోజులాగి సుస్మితే అడిగింది, అత్తా, ఇప్పుడైనా ఆ రంగులది ఎంచుకుందామా, ఒత్తులు సరిచేసే దారి కనుక్కున్నా అని.

"జనం వచ్చి కూర్చున్నాక చాప మారుస్తానంటే ఎట్టా? లేపి నిలబెడతామా? ఇదే ఉండనీ."

"కొత్తది పైకి, పాతది కిందికి పోతదిగా మరి."

"పోనీలే. కొత్తగా వచ్చినోళ్లని ముందు కూర్చోబెట్టడం మర్యాదేగా."

బ్లాగులో పాటలు చేర్చడం ఆవిడే ఫోన్లో నేర్చుకుంది. ఒక్కో పాట పెట్టేముందు తన కొత్త గొంతుతో రెండు ముక్కలు చెప్పి చేర్చసాగింది. 'ఇది బసవమ్మ గారి మనవరాలి పాట. పాడింది బసవమ్మ గారే. టీ కాస్తూ పాడినందుకు వందనాలు.' మొదట ఆ బొంగురు వినడానికి సిగ్గుపడింది. పోనుపోను అలవాటైంది. పేజీ మాత్రం ఇప్పటికీ తెల్లగానే ఉంది, ఫొటో లేదు. 'టెస్ట్ పాట' అన్న పేరు కూడా మార్చలేదు. జనం ఆ పేరు అడిగి వెతుక్కుంటూ వస్తున్నారు, మారిస్తే దొరకదని ఆవిడ వాదన.

పాటలు వచ్చే కొద్దీ ఒక లోటు మాత్రం పైకి తేలింది. అందరి ఇళ్ల నుంచీ వస్తున్నాయి. ఏ ఇంటి నుంచీ రాని పాట ఒకటుంది. అది ఆవిడ కట్టిన మొట్టమొదటి పాట, సొంత కూతురు గ్రేసీ పాట. అందులో తండ్రి బస్సు ఊరూరూ దాటుతూ వస్తుంటుందని మాత్రం జయమణికి గుర్తుంది. ఎలా ఎత్తుకుందో, ఎలా ముగించిందో ఎంత తన్నుకున్నా అందలేదు. హైదరాబాదులో నర్సుగా చేస్తున్న గ్రేసీకి ఫోన్ చేసి అడిగింది.

"నాకేం తెలుసమ్మా, నేను నిద్రపోయేదాన్నిగా" అంది గ్రేసీ.

నిజమే కదా. ఏ బిడ్డా తన జోలపాట చివరిదాకా వినదు. జయమణి ఫోన్ పెట్టేసి, గుడ్డ తీసుకుని మిషన్ ముందు కూర్చుంది. దారం ఎక్కించింది గానీ తొక్కలేదు.

గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్న ప్రేమదాసు పేపరు మడిచాడు. గొంతు సవరించుకున్నాడు. చర్చిలో కూడా పెదాలు కదిపి ఊరుకునే మనిషి, వీధి వైపు చూస్తూ పాట ఎత్తుకున్నాడు. శ్రుతి లేదు, పాడు లేదు.

*కంచికచర్ల దాటింది నాయన బస్సు, కళ్లు మూసుకో గ్రేసీ.*
*నందిగామ వచ్చింది నాయన బస్సు, నవ్వకుండా పడుకో గ్రేసీ.*
*చిల్లకల్లు చేరింది నాయన బస్సు...*

డ్యూటీ దిగి బస్సు అప్పజెప్పే జగ్గయ్యపేట డిపో దాకా ఒక్క ఊరు తప్పకుండా పాడాడు. జయమణి మిషన్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది. 

"నీకెట్టా వచ్చయ్యా ఇది? నేను పాడింది నువ్వు డ్యూటీలో ఉన్న రాత్రులేగా."

"సెలవు రోజు కూడా అదే పాడేదానివిగా" అన్నాడు ప్రేమదాసు. "నేను అక్కడే మంచం మీద ఉండేవాణ్ని. నా బస్సు చిల్లకల్లులో ఉందని నువ్వు పిల్లకి చెబుతుంటే, నేనిక్కడ దగ్గితే ఎట్టా? నీ పాట అబద్ధమవుద్ది. అందుకని పిల్ల నిద్రపోయేదాకా మెదలకుండా పడుకుని వినేవాణ్ని."